బాబుకు పద్దెనిమిది నిండుతున్నాయి, భవిత సెంటర్‌లో ఇక తీసుకోరట. ఏం చేయాలి?

నయీంనగర్_అమ్మ (హన్మకొండ)

అందరికీ నమస్తే. మా బాబుకు రెండు నెలల్లో పద్దెనిమిది నిండుతాయి. మేధో వైకల్యం, వైకల్యం పరీక్షించే సదరం క్యాంపులో 75 శాతం ఇచ్చారు. ఆటిజం లక్షణాలు కూడా కొన్ని ఉన్నాయి గానీ సర్టిఫికెట్‌లో రాయలేదు. ఇన్నాళ్లూ సర్కారు బడిలో ఇట్లాంటి పిల్లల కోసం పెట్టిన భవిత సెంటర్‌కు వెళ్లాడు. అక్కడి ఐఈఆర్పీ (ప్రత్యేక పిల్లలకు నేర్పే టీచర్) మేడం చాలా ఓపిక మనిషి. పిలిస్తే పలకని పిల్లాణ్ని తన టిఫిన్ డబ్బా తానే తెరుచుకుని తినేదాకా తెచ్చింది. ఇప్పుడు ఆ మేడమే "అక్కా, పద్దెనిమిది దాటితే మా లిస్టులో పేరుండదు, వేరే ఏదన్నా చూసుకోండి" అంటోంది. ఏం చూసుకోవాలో ఆమెకూ తెలీదు పాపం. ఆసుపత్రిలో థెరపీకి వెళ్లే డీఈఐసీ (పిల్లల ఎదుగుదల లోపాలు చూసే కేంద్రం) కూడా పద్దెనిమిదేళ్ల లోపు వాళ్లకేనట.

మా ఆయన లారీ డ్రైవర్, ఇంట్లో ఉండేది తక్కువ. బాబు నాకంటే ఎత్తు పెరిగాడు. కోపం వస్తే ఆపడం నా వల్ల కావట్లేదు. చుట్టాలేమో "పెళ్లి చేయి, వచ్చిన పిల్ల చూసుకుంటది" అంటున్నారు.

నా టెన్షన్లు ఇవి. పెన్షన్ ఆగిపోతుందా? మైనర్ అకౌంట్‌ను ఏం చేయాలి? లీగల్ గార్డియన్ తీసుకోవాలంటున్నారు, కన్నతల్లిని నేనుండగా అదెందుకు? అన్నిటికంటే పెద్దది, పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం దాకా వాణ్ని ఎక్కడ ఉంచాలి?

మానేరు_నాన్న (కరీంనగర్)

చెల్లెమ్మా, మా అమ్మాయి విషయంలో ఇవన్నీ తిరిగినవాణ్నే, కాబట్టి కాగితాల సంగతి నేను చెప్తా.

పెన్షన్ వయసుతో ఆగదు. దివ్యాంగుల పెన్షన్‌కు 40 శాతం వైకల్యం ఉండాలి, వయసు లెక్క లేదు. 2023లో 3,016 నుంచి 4,016 చేశారు, ఆరు వేలు అన్నది ఎన్నికల హామీ. ఆగేది ఎప్పుడంటే సర్టిఫికెట్ గడువు అయిపోయినప్పుడు. మేధో వైకల్యానికి పిల్లల సర్టిఫికెట్‌ను 5, 10, 18 ఏళ్లప్పుడు మళ్లీ పరీక్షించి ఇవ్వాలని రూల్. పద్దెనిమిదికి ఇచ్చేది జీవితాంతం పనికొస్తుంది. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇప్పుడు అప్లికేషన్ యూడీఐడీ (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో పెట్టాలి, చేతకాకపోతే మీసేవలో పెట్టించండి. పరీక్షకు పోయినప్పుడు పాత ఐక్యూ రిపోర్టులు, మందుల చీటీలు, భవిత సెంటర్ రికార్డు అన్నీ తీసుకెళ్లండి. ఆటిజం లక్షణాల సంగతి కూడా అప్పుడే గట్టిగా అడగండి, రాయించుకోవడానికి అదే సందు.

75 శాతం అంటే మోడరేట్. మైల్డ్‌కు 50, సివియర్‌కు 90, ప్రొఫౌండ్‌కు 100 ఇస్తారు. ఇంట్లో ఎవరైనా పాత పద్ధతిలో ఇన్‌కం ట్యాక్స్ కడుతుంటే దివ్యాంగుల్ని పోషిస్తున్నందుకు 75 వేలు తగ్గింపు ఉంది, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే లక్షా పాతిక వేలు. చాలామంది ఉద్యోగస్తులకే ఇది తెలీదు.

ఆధార్ వేలిముద్రలు పదిహేనేళ్లకు అప్‌డేట్ చేయించారా? లేకపోతే బ్యాంకులో అక్కడే ఆగిపోతుంది. నిరామయ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టుది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా కొంత వస్తుంది, ముందు మెడికల్ టెస్టులు అడగరు.

స్పెషల్_టీచర్ (జనగామ)

మానేరు అన్న కాగితాల సంగతి బాగా చెప్పారు. నేను రెండో వైపు చెప్తాను. కాగితాలు ఆలస్యమైనా ఎప్పటికో ఒకప్పటికి వస్తాయి, చేతి పని అట్లా రాదు. మా దగ్గరికి ఇరవై ఏళ్ల పిల్లలు వస్తుంటారు. ఏ బి సి డిలు చెప్తారు, రంగుల పేర్లు చెప్తారు, గడ్డం గీసుకోవడం రాదు. బాత్రూం తలుపు వేసుకోవాలని తెలీదు. పదేళ్లు అక్షరాల వెంట పడి, అసలు బతకడానికి కావాల్సినవి వదిలేశాం. అందులో తల్లిదండ్రుల కంటే మా టీచర్ల పాత్రే ఎక్కువ, ఎవరేమనుకున్నా సరే.

అమ్మా, మీ బాబుకు ఏం వచ్చు అన్నది మీరు రాయలేదు. అదే ముందు రాయండి. స్నానం ఒక్కడే చేస్తాడా? పది నోటుకు, వంద నోటుకు తేడా తెలుసా? ఒక పని మీద ఎంతసేపు కూర్చుంటాడు? తెలియనివాళ్లు చేయి పట్టుకుంటే వద్దు అంటాడా?

నేర్పే పద్ధతి ఒకటి చెప్తా. కిరాణా కొట్టుకు పోయి పాల ప్యాకెట్ తేవడం మనకు ఒక్క పని, పిల్లాడికి అది పది పనులు. చెప్పులేసుకోవడం, సంచి తీసుకోవడం, నోటు జేబులో పెట్టుకోవడం, రోడ్డు పక్కన నడవడం, కొట్టు ముందు తన వంతు వచ్చేదాకా నిలబడటం, అడగడం లేదా ఫొటో చూపించడం, డబ్బులివ్వడం, చిల్లర తీసుకోవడం, తిరిగి రావడం, ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టడం. మనం మొత్తం మనమే చేసి, చివరి పని ఒక్కటే వాడితో చేయించాలి. ప్యాకెట్ ఫ్రిజ్‌లో పెట్టడం. అది అలవాటయ్యాక చివరి రెండు, తర్వాత చివరి మూడు. చివరి నుంచి ఎందుకంటే పని పూర్తయిందన్న సంతోషం ప్రతిసారీ పిల్లాడికే దక్కుతుంది. కొట్టాయనకు ముందే చెప్పి పెట్టుకోండి, మన ఊళ్లలో ఆ మాత్రం సాయం చేయనివాళ్లు అరుదు.

కోపం గురించి: పదిహేడేళ్ల పిల్లాడికి కోపం వస్తుంది, వైకల్యం ఉన్నా లేకపోయినా. దానికి ముందు ఏం జరిగిందో వారం రోజులు రాసి చూడండి. చాలాసార్లు ఆకలో, పంటి నొప్పో, టైం మారడమో ఉంటుంది. ఫిట్స్ మందులు ఉంటే డోసు కూడా చూపించాలి. పిల్లల డాక్టరు దగ్గర రాసిన మందు, పెరిగిన బరువుకు సరిపోతోందో లేదో పెద్దల న్యూరాలజిస్టును అడగండి.

ఒక్కసారైనా సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలోని ఎన్ఐఈపీఐడీకి తీసుకెళ్లి పూర్తి అసెస్‌మెంట్ చేయించండి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, 1984 నుంచి ఉంది. పెద్దయిన పిల్లలకు ఏ పని నేర్పవచ్చో చూసే విభాగం అక్కడ ఉంది. కాజీపేట నుంచి రైల్లో పోతే, తోడు లేనిదే ప్రయాణం చేయలేని మేధో వైకల్యం వాళ్లకు స్లీపర్‌లో 75 శాతం రాయితీ, వెంట వచ్చే ఒకరికీ అంతే.

ఓరుగల్లు_వకీలు (హన్మకొండ)

గార్డియన్ ప్రశ్నకు నేను జవాబిస్తాను. అమ్మా, "తల్లిని కదా, నాకెందుకు" అన్నది అందరూ అడిగేదే. పద్దెనిమిది నిండేదాకా మీరు సహజ సంరక్షకులు. నిండిన రోజు నుంచి చట్టం కళ్లలో మీ బాబు మేజర్, మీ సంతకం ఆయన సంతకం కాదు. దానికి రెండు దారులున్నాయి.

ఒకటి, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపులో లేకపోవడం), మేధో వైకల్యం, బహుళ వైకల్యం, ఈ నాలుగింటికే. గార్డియన్‌ను నియమించడానికి జిల్లాలో లోకల్ లెవల్ కమిటీ ఉంటుంది. కలెక్టర్, ఒక రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగుడు అందులో సభ్యులు. కోర్టుకు పోనక్కర్లేదు. ఈ కమిటీ ఇచ్చే సర్టిఫికెట్‌తో అకౌంట్ తెరవాలని రిజర్వ్ బ్యాంక్ 2007లోనే బ్యాంకులకు చెప్పింది. కౌంటర్‌లో కాదంటే ఆ సర్క్యులర్ ప్రింటు చేతిలో పెట్టండి.

రెండోది, 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్. దాంట్లో ఉన్నది పరిమిత సంరక్షకత్వం. ఫలానా నిర్ణయానికి, ఫలానా కాలానికి, ఆ వ్యక్తి ఇష్టాన్ని తెలుసుకుని ఇద్దరూ కలిసి నిర్ణయించడం. జిల్లా కోర్టు గానీ, ప్రభుత్వం నియమించిన అధికారి గానీ ఇస్తారు.

గార్డియన్ అయితే బాధ్యత కూడా వస్తుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద ఆరు నెలల్లో బాబు ఆస్తి, అప్పుల జాబితా ఇవ్వాలి. ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్క చూపాలి. నిర్లక్ష్యం చేసినా, డబ్బు తిన్నా తొలగించవచ్చు. ఫీజు గురించి భయం వద్దు, దివ్యాంగులకు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఉచిత న్యాయ సహాయం ఉంది.

గనుల_పోరడు (గోదావరిఖని)

వకీలు సార్, ఒక మాట. నాకు ఇరవై మూడేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. మాట ముద్దగా వస్తుంది, చేయి వణుకుతుంది. డిగ్రీ ఓపెన్ యూనివర్సిటీలో చదువుతున్నా. ఇది కూడా ఫోన్‌లో నేనే టైప్ చేస్తున్నా.

నేను అకౌంట్ తెరవడానికి పోతే ఒక బ్యాంకులో నా మొహం చూసి, బాపు వైపు తిరిగి "గార్డియన్ కాగితం తెండి" అన్నారు. నాతో మాట్లాడనే లేదు. బాపు భయపడి అప్లికేషన్ పెడతానన్నాడు. నేను వద్దన్నా. వేరే బ్రాంచికి పోయి వేలిముద్రతో తెరుచుకున్నా. పద్దెనిమిది నిండగానే అందరికీ గార్డియన్ అంటగడితే, మా నోట్లో ఉన్న కాస్త మాట కూడా తీసేసినట్టే.

ఇంకోటి, ఈ థ్రెడ్‌లో ఓటు గురించి ఒక్కరూ రాయలేదు. కోర్టు మతిస్థిమితం లేదని ప్రకటిస్తే తప్ప ఓటు హక్కు పోదు. మేధో వైకల్యం ఉన్న సర్టిఫికెట్ ఒక్కటే దానికి అడ్డం కాదు. అక్కా, పెన్షన్ కంటే ముందు ఓటరు కార్డు పెట్టించు.

ఓరుగల్లు_వకీలు

తమ్ముడూ, నువ్వు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. అడిగింది అర్థం చేసుకుని అవునో కాదో చెప్పగలిగితే గార్డియన్ అక్కర్లేదు. కానీ ఆస్తి పంపకాలు, ఆపరేషన్ సంతకాలు, పెద్ద మొత్తాలు ఉన్నచోట, అసలు చెప్పలేని పిల్లల విషయంలో అది లేకపోతే చుట్టాలు దోచుకుంటారు. ఆ రకం కేసులు నేను చూస్తూనే ఉన్నా. ఎవరికి కావాలి, ఎవరికి వద్దు అన్నది ఇంటికో రకంగా ఉంటుంది.

తిరిగి_తిరిగి_అలసిన_తండ్రి (వరంగల్)

మీరంతా చట్టాలు బాగా చెప్తున్నారు. 2016లో జిల్లాలు విడగొట్టారు, 2021లో వరంగల్ అర్బన్ హన్మకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. మా అప్లికేషన్ ఏ జిల్లా కమిటీది అన్నది తేలడానికే ఏళ్లు పట్టింది. కమిటీ ఎప్పుడు కూర్చుంటుందో అడిగితే ఒక ఆఫీసులో "ఫైల్ పైకి పంపాం" అంటారు, ఇంకోచోట "మాకు రాలేదు" అంటారు. పిల్లాణ్ని వెంటేసుకుని మెట్లెక్కలేక మా ఆవిడ మోకాళ్లు పోయాయి. హక్కుల గురించి వినీ వినీ విసుగొచ్చింది.

మానేరు_నాన్న

అన్నా, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకో. రసీదు నంబరు ఉంటే ఫైలు కదులుతుంది. నోటి మాటతో అడిగితే ఎవరూ గుర్తుపెట్టుకోరు.

తిరిగి_తిరిగి_అలసిన_తండ్రి

ఇచ్చా తమ్మీ. రసీదు కూడా ఉంది. చూద్దాం.

మంచిర్యాల_అమ్మ

నాది ఆడపిల్ల, పంతొమ్మిది. ఇక్కడ ఎవరూ రాయని సంగతి నేను రాస్తా, మోడరేటర్ గారు తీసేయకండి.

నెలసరి శుభ్రత నేర్పలేక అవస్థ పడుతుంటే, మా ఇంట్లో పెద్దవాళ్లే "గర్భసంచి తీయించు, పీడ పోతుంది" అన్నారు. బయట భయం కూడా ఉంటుంది కదా, దానికీ ఇదే మందు అన్నట్టు మాట్లాడారు. గర్భసంచి తీస్తే ఎవడో చేయి వేయకుండా ఆగుతాడా? చట్టం ఏం చెప్తుందో అడిగితే తెలిసింది, పిల్లలు పుట్టకుండా చేసే ఏ వైద్యమైనా ఆ మనిషి స్వేచ్ఛగా, తెలిసి ఒప్పుకోకుండా చేయకూడదని 2016 చట్టం 10వ సెక్షన్‌లో ఉంది.

నేర్పడం కుదురుతుంది. క్యాలెండర్ మీద ఎర్ర చుక్క పెట్టించా. ప్యాడ్ మీద స్కెచ్‌తో గీత గీసి, ఎక్కడ అతికించాలో చూపించా. పాతది కాగితంలో చుట్టి ఎందులో వేయాలో ఒకే డబ్బా, ఒకే చోటు. ఇప్పుడు తన పని తనే చేసుకుంటోంది. ఒంటి మీద ఎవరు చేయి వేయొచ్చు, ఎవరు వేయకూడదు అన్నది కూడా బొమ్మ మీద చూపించి నేర్పాను. మగపిల్లల తల్లులు కూడా ఇది నేర్పాలి అక్కా. బస్సులో తెలియక ఎవరినైనా తాకితే వాడి వైకల్యం ఎవరూ చూడరు, కొడతారు.

నయీంనగర్_అమ్మ

ఇన్ని విషయాలు రాసినందుకు అందరికీ దండాలు. టీచర్ గారు అడిగినవి రాసుకున్నా. స్నానం చేస్తాడు గానీ సబ్బు నురగ సరిగా కడుక్కోడు. నోట్లు రంగు చూసి గుర్తుపడతాడు, చిల్లర రాదు. వాళ్ల తాత కిరాణాలో సబ్బులు, బిస్కెట్ ప్యాకెట్లు అరలో ఒకే వరుసలో పేరుస్తాడు, ఒక్కటి వంకరగా ఉన్నా ఊరుకోడు. గంటసేపైనా చేస్తాడు. గనుల తమ్ముడూ, మా వాడు లెక్క చెప్పలేడు, కానీ ఇష్టం లేనిదానికి వద్దని తల తిప్పేస్తాడు. అది కూడా మాటే కదా? పెళ్లి సంగతి మాత్రం నేను ఒప్పుకోను. పని చేసుకునే అమ్మాయి కావాలంటే జీతం ఇచ్చి పెట్టుకోవాలి గానీ పుస్తె కట్టి కాదు.

స్పెషల్_టీచర్

గంటసేపు అరలు సర్దుతాడా! అమ్మా, మీరు అదేదో మామూలు విషయంలా రాశారు. అదే వాడి ఉద్యోగం. తాత కొట్టులోనే రోజూ ఒకే టైముకు రెండు గంటలు, పని అయ్యాక చేతిలో డబ్బు. ఊరికే కాదు, జీతం. అక్కడ కుదురుకున్నాక సూపర్ మార్కెట్ వాళ్లను అడగవచ్చు.

హంటర్‌రోడ్_పేరెంట్ (వరంగల్)

డే సెంటర్ల గురించి నా అనుభవం. హన్మకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం లాంటి చోట్లకు వెళ్లి మీ కళ్లతో చూసి మాట్లాడుకోండి, సీటు గురించి ఇక్కడ ఎవరం చెప్పలేం. ఏ సెంటరైనా సరే, మధ్యాహ్నం రెండు గంటలకు చెప్పకుండా పోయి చూడండి. పొద్దున పది గంటలకు అందరూ బాగానే ఉంటారు.

మేం కొందరు తల్లిదండ్రులం కలిసి ఒక గది అద్దెకు తీసుకున్నాం. మొదట అందరిలాగే కొవ్వొత్తులు, ప్రమిదలకు రంగులు. దీపావళికి పాపమని కొన్నారు, తర్వాత ఎవరూ అడగలేదు. జాలితో కొనే సరుకు ఏడాది పొడుగునా అమ్ముడుపోదు. ఇప్పుడు మెడికల్ షాపులకు పేపర్ కవర్లు, టిఫిన్ సెంటర్లకు విస్తరాకులు, ఫినాయిల్. ఇవి రోజూ కావాలి కాబట్టి రోజూ పని ఉంటుంది. ఫినాయిల్ కలిపేది పెద్దవాళ్లం, సీసాలు నింపి మూత బిగించి లేబుల్ వేసేది పిల్లలు. ఒకమ్మాయి లేబుల్ ఒక్కటే అతికిస్తుంది, అందులో ఆమెను మించినవాళ్లు లేరు. లాభం పెద్దగా లేదు, అద్దె పోను పిల్లలకు పాకెట్ మనీ ఇస్తున్నాం. తగవులు కూడా ఉన్నాయి, ఎవరి పిల్లాడికి ఎంత ఇవ్వాలన్న దగ్గర రెండు కుటుంబాలు మానేశాయి.

రానూపోనూ ఖర్చు కూడా చూసుకోండి. మహాలక్ష్మి పథకం వచ్చాక తల్లులకు బస్సు ఫ్రీ, కొడుక్కి మాత్రం టికెట్ కొట్టాల్సిందే. దివ్యాంగుల రాయితీ పాస్ తీసి పెట్టుకోండి.

ఇందూరు_అక్క (నిజామాబాద్)

నేను తల్లిని కాదు, అక్కను. మా తమ్ముడికి ముప్పై దాటాయి. ఈ థ్రెడ్ అంతా తల్లిదండ్రులదే, కానీ అమ్మానాన్నలకు అరవై దాటాక ఈ పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు? మా అమ్మ ఎప్పుడూ "నీ తమ్ముణ్ని నువ్వు చూడవా" అంటుంది గానీ, "చూడగలవా" అని ఒక్కసారి అడగలేదు. మా అత్తగారింట్లో వాడికి చోటు ఉందో లేదో కూడా అడగలేదు. తమ్ముడంటే నాకు ప్రాణం. అయినా అడగాలి కదా.

మీ ఇంట్లో వేరే పిల్లలుంటే ఇప్పుడే కూర్చోబెట్టి మాట్లాడండి. నేషనల్ ట్రస్టుకు ఘరౌందా అని పెద్దవాళ్ల గ్రూప్ హోం పథకం ఉంది, కొన్ని రోజులు మాత్రం ఉంచుకునే సమర్థ్ ఉంది. కానీ మన ఉత్తర తెలంగాణలో అలాంటి చోటు దగ్గరలో దొరకడమే గగనం. నేను మా నాన్నతో గొడవపడి మరీ వీలునామా రాయించా. ఇల్లు నేరుగా తమ్ముడి పేర రాస్తే వాడు అమ్మలేడు, బాగు చేయించుకోలేడు, అందుకే ట్రస్టు పెట్టి అందులో ముగ్గురిని పెట్టాం.

నాన్న రిటైర్డ్ టీచర్. ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలు సంపాదించుకోలేని స్థితిలో ఉంటే తల్లిదండ్రుల తర్వాత జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. బతికుండగానే కుటుంబ సభ్యుల జాబితాలో పేరు, వైకల్యం వివరం రాయించాలి, తర్వాత నిరూపించడం నరకం. ప్రైవేటులో పీఎఫ్ ఉన్నవాళ్లు కూడా చూసుకోండి, పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు 1995 పెన్షన్ పథకంలో జీవితాంతం ఇచ్చే నిబంధన ఉంది.

మోడరేటర్

కొందరు ఫోన్ నంబర్లు పెట్టారు, తీసేశాం. పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్ ఫొటోలు కూడా దయచేసి ఇక్కడ పెట్టకండి. మాట్లాడుకోవాలంటే పర్సనల్ మెసేజ్ వాడండి.

గనుల_పోరడు

ఇందూరు అక్కా, ఆ ట్రస్టులో ముగ్గురు ఎవరెవరు? మీ తమ్ముడికి చెప్పారా?

ఇందూరు_అక్క

నేను, మా బాబాయి, ఒక ఫ్యామిలీ డాక్టరు. తమ్ముడికి చెప్పాం. ఇల్లు తనదే అని అర్థమైంది. "టీవీ కూడా నాదే" అన్నాడు. అది కూడా రాశాం :)

నయీంనగర్_అమ్మ

యూడీఐడీలో అప్లై చేశా, ఎంజీఎం ఆసుపత్రిలో పరీక్షకు మెసేజ్ రావాలి. వాడి తాత కొట్టులో పెట్టుకోవడానికి ఒప్పుకున్నాడు, జీతం అంటే నవ్వాడు గానీ ఇస్తానన్నాడు. గార్డియన్ సంగతి మా ఆయన వచ్చాక వకీలు గారికి మెసేజ్ చేస్తా. టీచర్ గారూ, ఒకటి అడగాలి. గడ్డం వస్తోంది, మా ఆయన ఉన్నప్పుడు గీస్తాడు. వాడే చేసుకోవాలంటే రేజరా, ట్రిమ్మరా?

స్పెషల్_టీచర్

ట్రిమ్మర్‌తో మొదలుపెట్టండి, తెగదు. ఆటిజం లక్షణాలు ఉన్నాయన్నారు కదా, ఆ చప్పుడుకు బెదరొచ్చు. ముందు కొన్నాళ్లు ఆన్ చేసి ఊరికే చేతిలో పట్టుకోనివ్వండి, తర్వాత చేతి మీద, తర్వాత చెంప మీద. అద్దం ముందు నాన్న గీసుకుంటుంటే పక్కన నిలబెట్టండి. ఛార్జింగ్ పెట్టే పని కూడా వాడిదే.

గనుల_పోరడు

నేనూ ట్రిమ్మరే వాడతా. చేయి వణికినా భయం ఉండదు. బ్లేడు మీద పెట్టే గార్డులు మూడు వస్తాయి, పెద్దది పెట్టి మొదలుపెట్టమను.